ఒక్క గోలు, పన్నెండు పటాలు

పటాల పెదనాన్న ఒకసారి చెప్పిన మాటను రెండోసారి అలాగే చెప్పి ఎరగడు. ఊళ్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. తెలిసి కూడా మళ్లీ మళ్లీ వెళ్లి ఆయన్నే అడిగేవారు, ఈసారి ఏం చెబుతాడో చూద్దామని.

ఆయనకు ముందుపన్ను ఒకటి లేదు. అదెలా పోయిందని సోమవారం అడిగితే మెట్ల మీంచి జారిపడ్డాడు. బుధవారం అడిగితే బాదంకాయ కొరికాడు. శుక్రవారం నాటికి అది పోవడమేమిటి, అసలు మొలిస్తే కదా! ఇక తన పెళ్లి ఎలా కుదిరిందో చెప్పడం మొదలుపెడితే పెద్దమ్మ కూడా చేతిలో పని ఆపి గుమ్మం దగ్గర నిలబడి చెవులు రిక్కించేది. “తర్వాతేమైందండీ?” అని ఆత్రంగా అడిగేది. పెళ్లికూతురు తనే.

బజారు మలుపులో ఫోటోలకు పటాలు కట్టే షాపు ఆయనది. పేరుకు షాపేగాని లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బిగబట్టాలి. గోడ పొడుగునా చెక్కపట్టీలు, బల్ల మీద గాజు కోసే వజ్రపు కలం, చిన్న సుత్తి, కింద పాదాలు మునిగేంత రంపపు పొట్టు. ఆయన నోట్లో ఎప్పుడూ నాలుగు సన్నమేకులుండేవి. వాటిని పళ్ల మధ్య పెట్టుకునే ఊరందరితో కబుర్లు చెప్పేవాడు. “ఏదో ఒకరోజు మింగేస్తారండీ” అని డాక్టరు గారు భయపడితే, “ఒకసారి మింగాను” అనేవాడు. ఏ సంవత్సరం మింగాడన్నది మాత్రం డాక్టరు గారికి ఒకలా, కాంపౌండరుకు ఒకలా చెప్పాడు.

అలాంటి మనిషి పటం కట్టాడంటే వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. నాలుగు మూలలూ నలభైసార్లు కొలుచుకునేవాడు. కొలత తప్పని చేతికి, కుదురుగా ఒక్క మాట చెప్పలేని నోటికి ఒకే ఒంట్లో ఎలా పొత్తు కుదిరిందా అని జనం వింతపడేవారు.

ఈయనే ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు ముప్ఫై ఎనిమిదేళ్లుగా సెక్రటరీ. శనివారం ఒంటిపూట సెలవు దొరికే గుమస్తాలూ, షాపు పనివాళ్లూ కలిసి పెట్టుకున్న క్లబ్బు కాబట్టి దానికి శనివారం క్లబ్బని పేరు నిలిచిపోయింది. మైదానం ఒక పక్కకి వాలి ఉండేది. టాస్ గెలిచినవాడు పల్లం వైపు కోరుకునేవాడు, ఓడినవాడు ముందు సగం ఆటంతా కొండెక్కేవాడు. గోలు స్తంభాలు షామియానాల షాపు నుంచి అరువు. ఎవరింట్లోనైనా పెళ్లి పడితే ఆ వారం ఆట లేదు. యాభై ఏళ్లలో ఆ క్లబ్బు గెలిచిన కప్పు ఒక్కటే. ముప్ఫై నాలుగేళ్ల కిందట, ఫైనల్లో, ఒకటి–సున్నాతో. గోలు ఒక్కటేగాని దాని గురించి గోల మాత్రం ఇప్పటిదాకా ఆగలేదు.

క్లబ్బుకు యాభై నిండాయి కాబట్టి ఒక సావనీరు వేయాలని కమిటీ తీర్మానించింది. ఆ పని బజారులో పటాల షాపుకు ఎదురుగా ఉన్న ప్రెస్సుకు వచ్చింది. ప్రెస్సు ఓనరు దాన్ని తీసుకొచ్చి ప్రూఫులమ్మాయి బల్ల మీద పడేశాడు.

ప్రూఫులమ్మాయి అంటే ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే అమ్మాయి. ఆమెకు తప్పు కనిపిస్తే చేతులు ఊరుకోవు. ఆసుపత్రిలో జ్వరంతో పడుకుని మందుల చీటీలో అక్షరదోషం దిద్దిన మనిషి. చెవి వెనక పెన్సిలు లేకుండా ఆమెను చూసినవాళ్లు తక్కువ. వాళ్ల నాన్నకు పటాలాయన చిన్ననాటి స్నేహితుడు కావడంతో ఆమెకు ఆయన పెదనాన్న. ఊరందరికీ ఆ పిలుపు ఆమె నోటి నుంచే అంటుకుంది.

“నెల టైముంది,” అన్నాడు ఓనరు. “అంతా వచ్చేసింది. పద్నాలుగో పేజీలో ఒక్క ఖాళీ ఉంది చూడు.”

ఆమె చూసింది. ‘ఫైనల్లో విజయం సాధించి పెట్టిన గోలు కొట్టినవారు’ అని ఉంది. దాని పక్కన చుక్కలు.

“ఇదేముందండీ, వెళ్లి అడిగేస్తే సరి,” అంది ప్రూఫులమ్మాయి.

ఓనరు ఆమెను జాలిగా చూశాడు.

*

“పెదనాన్నా, ఫైనల్లో గోలు ఎవరు కొట్టారు?”

పటాలాయన ఒక మేకు నోట్లోంచి తీసి చెక్కలోకి దింపాడు. “ఇంకెవరు, మన సిమెంటు షాపాయన! మైదానం మధ్యలోంచి, ఎడమకాలితో. అబ్బో, ఆ రోజు ఎండ ఎలా కాసిందనుకున్నావ్!”

“ఎండా? జట్టు ఫోటోలో అందరూ తడిసి బురదలో ఉన్నారు కదా.”

“ఎండలో వాన,” అన్నాడాయన తడుముకోకుండా.

ఆమె రాసుకుంది. ఇంతలో పెద్దమ్మ టీ పట్టుకొచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, “ఏది ఏమైనా మన బ్యాంకు క్యాషియరు ఆ గోలు కొట్టడమంటే మాటలు కాదే అమ్మడూ,” అన్నాడు.

పెన్సిలు ఆగిపోయింది. “ఇప్పుడే కదా సిమెంటు షాపాయన అన్నారు!”

“అన్నానా?” ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “సిమెంటాయన పక్కనున్నాడు. ఎవరో ఒకరు పక్కనుండాలి కదా.”

“క్యాషియరు గారు గోల్‌కీపరు కదండీ పెదనాన్నా? ఆయన అవతలి గోల్లోకి ఎలా కొడతారు?”

“అదే కదా ఆ గోలులో గొప్ప!”

ప్రూఫులమ్మాయి టీ చల్లారిపోయింది. ఇంకొకరైతే నవ్వుకుని లేచి వెళ్లేవారు. ఆమెకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఒక బంతి ఒక్కసారి గీత దాటింది. అది ఎవరో ఒకరిని తగిలే దాటి ఉంటుంది. ఆ ఒక్కరెవరో తెలియకుండా పద్నాలుగో పేజీ మెషీను ఎక్కడానికి వీల్లేదనుకుంది.

మర్నాడు సిమెంటు షాపుకు వెళ్లింది. కౌంటరు వెనక గోడకు జట్టు ఫోటో పటం కట్టి ఉంది. పన్నెండు తలల్లో సిమెంటాయన తల చుట్టూ ఎర్రసిరాతో సున్నా. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో ‘ఫైనల్లో గోలు కొట్టిన వీరుడు’ అని రాసి ఉంది.

“మా పెద్దాడు పుట్టినప్పుడు సెక్రటరీ గారు బహుమతిగా ఇచ్చారమ్మా,” అన్నాడాయన మురిసిపోతూ.

హమ్మయ్య, తేలిపోయిందనుకుంది. ఎందుకైనా మంచిదని కెప్టెన్ గారింటికి కూడా వెళ్లింది. కెప్టెన్ గారు పోయి ఆరేళ్లయింది. భార్య రిటైరైన హెడ్మాస్టరమ్మ. ముందుగదిలో అదే ఫోటో, అదే పటం, అవే ముత్యాల అక్షరాలు. ఎర్రసున్నా మాత్రం కెప్టెన్ గారి తల చుట్టూ ఉంది.

ప్రూఫులమ్మాయి ఏదో అనబోయేలోగా హెడ్మాస్టరమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “ఇలాంటి పటాలు ఇంకొందరి ఇళ్లలో కూడా ఉంటాయి తల్లీ. వాళ్లు చిన్నబుచ్చుకుంటారని సెక్రటరీ గారు వాళ్లకూ ఒకటి కట్టిచ్చారట. నాకొక్కదానికే చెప్పారు. పాపం, వాళ్ల నమ్మకం పాడుచెయ్యడమెందుకు? నువ్వు ఎవరితో అనకు.”

లెఫ్ట్ బ్యాక్ ఇంట్లో అదే మాట. పోస్టాఫీసులో పనిచేసే ఆటగాడింట్లో అదే మాట. ప్రతివాళ్లూ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, మిగతావాళ్ల మీద జాలిపడ్డారు. వారం తిరిగేసరికి ఆమె పదకొండు పటాలు చూసింది. పన్నెండోది ఎలక్ట్రీషియన్ ఇంట్లో కనిపించింది. ఆయన ఆ ఫైనల్లో ఆడనే లేదు, అదనపు ఆటగాడిగా బెంచీ మీద కూర్చున్నాడు.

“మీరెలా కొట్టారండీ?” అంది ఆమె నీరసంగా.

“బంతి బయటికొస్తే నేనే కదమ్మా లోపలికి తన్నింది,” అన్నాడాయన. “అది లోపలికి వెళ్లకపోతే గోలెక్కడిది?”

*

గోల్‌కీపరుగా ఆడిన క్యాషియరు ఆమెకు సెలూన్లో దొరికాడు. పటాల షాపును ఆనుకునే సెలూన్. మధ్యలో ఒక చెక్కగోడ, అంతే. ముఖం నిండా నురగతో కుర్చీలో వెనక్కి వాలి ఉన్న క్యాషియరు, ఆమె గుమ్మంలోంచి అడిగిన ప్రశ్న వినగానే నిటారుగా లేచి కూర్చున్నాడు.

“నేను ఈ చివర నుంచి తన్నాను. గాలి అందుకుంది. బంతి అలా వెళ్తూ, వెళ్తూ, వెళ్తూ...” అంటూ చెయ్యి గోడ దాకా చాచాడు. సెలూనాయన కత్తి పైకెత్తి పట్టుకుని, బంతి కిందికి దిగేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు.

“దిగిందాండీ?”

“దిగింది.”

“అయితే గడ్డం పైకెత్తండి.”

క్యాషియరు వెళ్లాక సెలూనాయన తువ్వాలు దులుపుతూ ఆమె వైపు చూశాడు. యాభై దాటిన మనిషి. మాట తక్కువ. ఊళ్లో ఆయనతో పోట్లాడినవాళ్లు లేరు, ఎందుకంటే తల ఆయన చేతిలో పెట్టక తప్పదు. “ఎవరు కొట్టారని తేలిందా అమ్మాయి గారూ?” అని అడిగాడు.

“ఎక్కడండీ! ఇప్పటికి పన్నెండుమంది కొట్టారు. మీకేమైనా తెలుసా?”

“నాకు అందరూ చెబుతారు,” అన్నాడాయన నవ్వి. “ఇంతవరకు విన్నవాటిలో ఈ గాలి గోలు నాకు ఇష్టం.”

ఆమె ప్రెస్సుకు తిరిగొచ్చి చాలాసేపు పెన్సిలు కొరుకుతూ కూర్చుంది. మనవాళ్లను అడిగితే ప్రయోజనం లేదు. మరి అవతలివాళ్లను అడిగితే? గోలు తిన్నవాళ్లకు మరిచిపోవడం కష్టం కదా! అటక మీద దుమ్ము దులిపి, ముప్ఫై నాలుగేళ్ల కిందట తమ ప్రెస్సులోనే అచ్చేసిన ఆ పోటీల కరపత్రం ఫైల్లోంచి తీసింది. ఫైనల్లో ఓడిన జట్టు పేరు, వాళ్ల ఊరు అందులో ఉన్నాయి. లారీలో మూడు గంటల దూరం. వెంటనే ఉత్తరం రాసి పోస్టులో వేసింది.

పదో రోజున జవాబు వచ్చింది.

‘చిరంజీవికి ఆశీస్సులు. ఆ గోలు మీవాళ్లెవరూ కొట్టలేదమ్మా. మా రైట్ బ్యాకే మా గోల్లోకి కొట్టాడు. తలతో నాకు అందిద్దామనుకున్నాడు. గోల్‌కీపర్ని నేనే. నేనా సమయంలో వంగి షూ లేసు కట్టుకుంటున్నాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నా వంతు తిట్లు కూడా వాడే తిన్నాడు. లారీ ఎక్కనివ్వకుండా వదిలేసి వచ్చేశాం. మర్నాడు బుద్ధి తెచ్చుకుని మనిషిని పంపితే అక్కడ లేడన్నారు. వాడికి అప్పుడు ఇరవై ఏళ్లు. తల్లీ తండ్రీ లేరు. మా జట్టందరికీ జుట్టు వాడే కత్తిరించేవాడు. వాడు లేని ఆ ఏడాది మా గ్రూపు ఫోటో చూస్తే మీకు నవ్వాగదు. మీ యాభై ఏళ్ల వేడుకకి పిలిస్తే పాతవాళ్లం ముగ్గురం వస్తాం. ఈలోగా వాడి ఆచూకీ మీకేమైనా తెలిస్తే రాయండి.’

జుట్టు మాట దగ్గర ప్రూఫులమ్మాయి తలెత్తింది. కిటికీలోంచి ఎదురుగా సెలూన్ కనిపిస్తోంది. లోపల సెలూనాయన ఒకాయన తలను రెండు వేళ్లతో మెల్లగా పక్కకు వంచి, కళ్లు చికిలించి, చెవి వెనక కత్తిరిస్తున్నాడు.

*

ఉత్తరం చదువుతూ పటాలాయన ఒక పని చేశాడు. నోట్లోంచి మేకులు నాలుగూ తీసి, ఒక్కొక్కటిగా బల్ల మీద వరసగా పెట్టాడు. మేకుల్లేకుండా ఆయన నోరు ప్రూఫులమ్మాయి చూడటం అదే మొదలు.

“కూర్చో అమ్మడూ,” అన్నాడు. తర్వాత చెప్పాడు.

ఆ రోజు వాన. ఆయన లైను దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డాడు. మైదానం గట్టు మీద జనానికి ముందువాళ్ల గొడుగులు తప్ప ఏమీ కనిపించడం లేదు. కార్నర్ నుంచి బంతి వచ్చింది. గోలు ముందు పదిమంది ఒకరి మీద ఒకరు పడి బురదలో దొర్లుతున్నారు. బంతి ఒకసారి బయటికి పోయి, మళ్లీ లోపలికొచ్చింది. అవతలి కుర్రవాడు దాన్ని తమ గోల్‌కీపరు వైపు తోశాడు. గోల్‌కీపరు అక్కడ ఉండీ లేనట్టున్నాడు. బంతి మెల్లగా, ఏమీ తొందర లేనట్టు, గీత దాటింది. దొర్లుతున్న మనవాళ్లకు ఎవరికీ అది తమను తగిలిందో లేదో తెలియదు.

“ఆట అయ్యాక స్తంభాలు విప్పడానికి వెళ్తే వాడు వెనకాల కూర్చున్నాడు. ఒళ్లంతా బురద, కళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు. ‘మీవాళ్లేరీ?’ అన్నాను. ‘వెళ్లిపోయారండీ’ అన్నాడు. ‘ఏం పని వచ్చు నీకు?’ అన్నాను. ‘జుట్టు కత్తిరిస్తానండీ’ అన్నాడు. ఇంటికి తీసుకొచ్చాను.”

“నా తమ్ముడి వరస అని అందరికీ చెప్పారు,” అంది పెద్దమ్మ గుమ్మంలోంచి. “నాకసలు తమ్ముళ్లే లేరు.”

“లారీ దగ్గర వాళ్లు వాణ్ని తిట్టడం ఎవరో విన్నారు, మర్నాడు బజారంతా నవ్వులే. సొంత గోల్లో కొట్టుకున్న ఆ కుర్రాడెవడో దొరికితే దండేసి ఊరేగిద్దామని ఒకడన్నాడు. లోపల వీడు వింటున్నాడు. నాకేం తోచక, ‘ఎవడో కుర్రాడేమిటి, బంతి తగిలింది మన సిమెంటు షాపాయన కాలికి, నేను లైనులో చూడలేదూ!’ అన్నాను. సిమెంటాయన కాసేపు ఆలోచించి, ‘అవును, ఏదో తగిలినట్టే ఉంది’ అన్నాడు. ఊరు ఊరంతా ఆయన వెంట పడింది. కుర్రాడి ఊసే మరిచారు. మళ్లీ ఎవడికైనా గుర్తొచ్చేలోగా ఇంకొకరి పేరు చెప్పాను. ఎవరు కొట్టారని కొట్టుకుంటూ ఉన్నంతకాలం, అసలు మనవాళ్లే కొట్టారా అని ఎవడూ అడగడు కదా.”

షాపును సగానికి కోసి చెక్కగోడ కట్టి, ఆ సగంలో కుర్చీ వేయించింది కూడా ఆ ఏడాదే.

ప్రూఫులమ్మాయి ఇదంతా రాసుకుంది. రాసుకుని, కాగితం మోకాళ్ల మీద పెట్టుకుంది. “పెదనాన్నా, ఇంకొక్కసారి మొదటినుంచి చెప్పండి.”

ఆయన మళ్లీ చెప్పాడు. ఆమె ప్రూఫు చూసినట్టు వాక్యం కింద వాక్యం పెన్సిలు జరుపుతూ విన్నది. వాన, గొడుగులు, కార్నర్, పదిమంది. ‘ఏమీ తొందర లేనట్టు’ అన్న మాట కూడా ఉన్నచోటే ఉంది. ఒక్క అక్షరం తేడా రాలేదు.

ఆమె పెన్సిలు చెవి వెనక పెట్టుకుంది. “మరి పన్ను సంగతి, మేకు సంగతి ఎందుకు మారుస్తారు?” అంది.

“ఒక్క గోలు విషయంలోనే మాట మారిస్తే జనానికి అనుమానం రాదుటే? అందుకని అన్నిట్లోనూ మార్చడం మొదలుపెట్టాను. పోనుపోను అలవాటైపోయింది.”

“మరి మన పెళ్లి?” అంది పెద్దమ్మ.

“అది నాకు నిజంగానే గుర్తులేదు.”

పెద్దమ్మ టీగ్లాసులు కొంచెం గట్టిగానే తీసుకుని లోపలికెళ్లింది.

“వాడికి ఈ ఉత్తరం చూపించకు,” అన్నాడు పటాలాయన. “వాళ్లను రావద్దని రాసెయ్యి. ముప్ఫై నాలుగేళ్లు మోసుకొచ్చాం, ఇప్పుడు బజార్లో పడెయ్యడమెందుకు?”

“నాకు తెలిశాక ఆయన దగ్గర దాచలేను పెదనాన్నా. ఈ ఉత్తరం ఆయనకు చేరాల్సింది. ఆచూకీ అడిగింది ఆయన గురించి. మనం దాచేస్తే అది ఇంకో లారీ ఎక్కనివ్వకపోవడం లాంటిదే కదా?”

ఆయన చేతిలోని సుత్తిని బల్ల మీద పెట్టాడు. తర్వాత లేచి చెప్పులేసుకున్నాడు.

*

సెలూన్లో ఆ సమయానికి ఎవరూ లేరు. సెలూనాయన వచ్చినవాళ్ల ముఖాలు చూశాడు, ఉత్తరం చూశాడు, కస్టమర్ల కుర్చీలో తనే కూర్చుని చదివాడు. పటాలాయన అద్దం వైపు తిరిగి నిలబడ్డాడు. అద్దంలో కూడా సెలూనాయనే కనిపిస్తున్నాడు కాబట్టి కళ్లు మూసుకున్నాడు.

ఉన్నట్టుండి కుర్చీ కిర్రుమంది.

“లేసు కట్టుకుంటున్నాడా!” అన్నాడు సెలూనాయన. మళ్లీ ఒకసారి చదివాడు. “బావా, వీడు లేసు కట్టుకుంటున్నాడటయ్యా! నేను ముప్ఫై నాలుగేళ్లుగా బంతి వంకరగా పెట్టాననుకుంటున్నాను. తిన్నగానే పెట్టాను!” అని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ మనిషి అంత పెద్దగా నవ్వగలడని ఊళ్లో ఎవరికీ తెలియదు. నవ్వుతూ నవ్వుతూ తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

“ఇందులో ఒక తప్పుందమ్మా,” అన్నాడు కాస్త తేరుకున్నాక. “తల కాదు, మోకాలు.”

ప్రూఫులమ్మాయి చెవి వెనక నుంచి పెన్సిలు తీసి దిద్దింది.

“వాళ్లను రమ్మని రాయండి. సావనీరులో పన్నెండుమంది పేర్లూ వాళ్లు చెప్పినట్టే వేసెయ్యండి. పదమూడోదిగా నాది వేసుకోండి.”

“ఒరేయ్, వద్దురా,” అన్నాడు పటాలాయన కంగారుగా. “జనం నవ్వుతారు.”

“నవ్వనీ బావా. మొదటి ఏడాది ఎవరు ఆ గోలు ఎత్తినా కత్తెర పక్కన పెట్టేసేవాణ్ని. తర్వాత్తర్వాత వాళ్లు చెబుతుంటే వినాలనిపించేది. ఎవరు కొట్టినా నాకన్నా బాగానే కొట్టేవారు. ఇన్నాళ్లూ నేనొక్కణ్నే లోపల్లోపల నవ్వుకున్నాను. ఇప్పుడు అందర్నీ నవ్వనీ.”

*

ఆదివారం మధ్యాహ్నం స్కూలు హాల్లో సభ. అవతలి ఊరి నుంచి ముగ్గురు వచ్చారు. ముగ్గురికీ కలిపి తల మీద మిగిలిన జుట్టు ఒక మనిషికి సరిపోయేంత ఉంటుంది. సెలూనాయన వాళ్లకు ఎదురెళ్లాడు. నలుగురూ ఏం మాట్లాడుకున్నారో ఎవరూ వినలేదు. ఉత్తరం రాసిన లావుపాటి గోల్‌కీపరు మాత్రం రెండు చేతులూ జోడించబోతే సెలూనాయన ఆ చేతులు పట్టుకుని కిందికి దించి, లోపలికి నడిపించుకొచ్చాడు.

ప్రెస్సు ఓనరు సావనీరు విప్పి పద్నాలుగో పేజీ పైకి చదివాడు. గోలు కొట్టినవారు అని పదమూడు పేర్లు. ఒక్కొక్క పేరు కింద వాళ్లు చెప్పిన గోలు, చెప్పినది చెప్పినట్టు. పన్నెండు ఇళ్లవాళ్లు ఒకరినొకరు జాలిగా చూసుకున్నారు.

అప్పుడు సెలూనాయన లేచాడు. “పదమూడో గోలు నాది. మోకాలితో కొట్టాను. మా గోల్లోకే.”

హాలు పగిలిపోయేలా నవ్వు. సిమెంటు షాపాయన పొట్ట పట్టుకున్నాడు. “నువ్వు కూడానా! అప్పటికి నువ్వీ ఊరే రాలేదు కదయ్యా!”

పటాలాయన గంభీరంగా లేచి నిలబడ్డాడు. “నిజం. లైను దగ్గరున్నాను. నా కళ్లారా చూశాను.”

“మీరు చూడనిది ఎవరి గోలు లెండి!” అన్నారెవరో. నవ్వు రెట్టింపైంది. పటాలాయన ముఖం ఎర్రబడింది. జన్మలో మొదటిసారి నలుగురిలో నిజం చెబితే నమ్మే నాథుడు లేడు.

అవతలి ఊరి గోల్‌కీపరు లేచాడు. “అయ్యా, నేనే ఆ రోజు మా జట్టు గోల్‌కీపర్ని. ఇతను చెప్పేది అక్షరాలా నిజం.”

హెడ్మాస్టరమ్మ ప్రూఫులమ్మాయి వైపు ఒరిగి చెవిలో అంది, “పాపం, ఈయనకు కూడా మన సెక్రటరీ గారు ఏదో పటం కట్టిచ్చినట్టున్నారు.”

ప్రూఫులమ్మాయి చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

“అయితే కొట్టి చూపించు!” అని క్యాషియరు కేకేశాడు. అందరూ అదే అందుకున్నారు. బెంచీలు గోడలకు జరిపారు. సావనీర్లు చుట్టి తెచ్చిన కాగితాలన్నీ ఉండచేసి దారంతో గట్టిగా కట్టారు. రెండు కుర్చీలు గోలు స్తంభాలయ్యాయి. గోల్‌కీపరు కుర్చీల మధ్యకు వెళ్లి, జరిగింది జరిగినట్టుండాలని, వంగి లేసు పట్టుకున్నాడు. సెలూనాయన పంట్లాం కొంచెం పైకి లాగి, బంతిని మోకాలితో మెల్లగా తోశాడు. తిన్నగానే తోశాడు. గోల్‌కీపరు చూశాడు, లేవబోయాడు, నడుము పట్టేసింది. “ఒరేయ్, లేపరా!” అని అరిచాడు. సెలూనాయన పరుగెత్తాడు. కాగితాల బంతి వాళ్లిద్దరి పక్క నుంచి నిదానంగా దొర్లుకుంటూ కుర్చీలు దాటింది.

పటాలాయన జేబురుమాలు తీసి పైకెత్తాడు. “గోలు!”

నవ్వీ నవ్వీ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డారు ఆ ఇద్దరూ. జనం చప్పట్లు కొట్టారు. గోలు కొట్టిన పన్నెండుమందిలో బతికున్నవాళ్లు తొమ్మిదిమంది. వాళ్లందరూ కూడా లేచి కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది ఎలక్ట్రీషియన్. బెంచీ ఎక్కి మరీ కొట్టాడు.

“బాగుంది,” అన్నాడు పక్కనున్న సిమెంటాయనతో, గొంతు తగ్గించి. “అబద్ధమైతేనేం, అందరిలోకీ చక్కగా చెప్పింది ఇతనే.”